మెరూన్ టవల్ మీద మూడు మచ్చలు

"గిదేంది? ఎవలు చేసిండ్రు గిట్ల?"

ఆదివారం పొద్దున్నే దండెం దగ్గర తిరుమల వేసిన కేకకు ఇంట్లోవాళ్ళు తలో గుమ్మంలోంచి తలలు బయటపెట్టారు. ఆమె చేతిలో మెరూన్ రంగు టవల్ ఉంది. కొని నెల కూడా కాలేదు. ఒక కొసన మాత్రం మూడు పెద్ద మచ్చలు, పండిన నారింజ తొక్క రంగులో.

"శ్రీపాల్, నువ్వేనారా? బాత్రూం కడిగే యాసిడ్ చేతులు దీనికి తుడిసినవా?"

"నేను బాత్రూం కడుగుడేంది మమ్మీ? ఎన్నడన్న చూసినవా?"

డిగ్రీ చదివే శ్రీపాల్ నిజంగానే అడిగాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"అయితే అత్తమ్మా, మీరే. తెల్లబట్టలు నానబెట్టిన సోడనీళ్ళల్ల దీన్ని గూడ ముంచిండ్రు."

పెంటమ్మ చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టింది. "ఈ ఇంటికి కోడలిగ వచ్చినప్పటి సంది బట్టలు ఉతుకుతున్న. తెల్లదేందో రంగుదేందో నాకు ఎర్క లేదా? దుకాణపోడు మోసం జేసిండు. ఉత్త కచ్చా రంగు గది."

ఆ మాట తిరుమలకు నచ్చింది. ఇంట్లోవాళ్ళ మీద కంటే దుకాణం మీద కోపం పెట్టుకోవడం సులువు. మధ్యాహ్నం మళ్ళీ వీళ్ళకే వండిపెట్టాలి కదా.

తిరుమల భర్త, పత్తి మార్కెట్లో గుమాస్తా అయిన సోమనర్సయ్య మాత్రం పేపరు దించకుండానే, "ఒక్క టవల్‌కు గింత లొల్లి ఎందుకే?" అన్నాడు. ఆ మాట ఎవరికీ నచ్చలేదు.

"వర్షా, రేపు బస్టాండుకు పోతవ్ కదా. దుకాణం తొవ్వలనే. ఇది వాని ముఖానికి చూపెట్టి మారుస్తవా లేదా అని అడుగు," అంది తిరుమల.

వంటింట్లో బియ్యం కడుగుతున్న వర్ష వెనక్కి తిరగకుండానే సరేనంది. వెనక్కి తిరిగితే అమ్మ ముఖం చూస్తుంది. చెంపలు రెండూ ఎర్రగా కంది, గదుమ దగ్గర పొట్టు లేస్తోంది.

మూడు వారాలుగా వర్ష మొటిమలకు మందు పెడుతోంది. జనగామలోనే చర్మం డాక్టరమ్మ దగ్గరికి ఒక్కతే వెళ్ళి రాయించుకుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్. ఆ ట్యూబు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నర్మెట్ట దగ్గరి ఊళ్ళో ఆమె పోస్టాఫీసు నడుపుతుంది. ఆ ఆఫీసు సంచిలో, ముద్రల డబ్బా కింద దాచింది.

దాచడానికి కారణం ఉంది. మహబూబాబాద్‌లో పెదనాన్న కూతురు సౌందర్య ఎవరో చెప్పారని ఏదో క్రీము తెల్లబడటానికి పూసుకుంటే ముఖం బూరెలా వాచింది. ఆ రోజే పెంటమ్మ తీర్మానం చేసింది: ఈ ఇంట్లో ఆడపిల్లల ముఖాలకు శనగపిండి తప్ప ఇంకోటి తగలడానికి వీల్లేదు.

తొందరకూ కారణం ఉంది. భూపాలపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఫోటో చూసి, "పిల్ల మంచిగనే ఉంది, ముఖం జర తేటగైనంక వస్తం," అన్నారట.

అందుకే డాక్టరమ్మ బఠాణీ గింజంత అని చెప్పినదాన్ని వర్ష గోరుముద్దంత చేసింది.

*

దుకాణంలో టవళ్ళు, దుప్పట్లు రంగులవారీగా గోడల్లా పేర్చి ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న యువకుడు ఒక దుప్పటిని గడ్డం కింద పెట్టుకుని మడత పెడుతున్నాడు.

"అన్నా, ఈ టవల్ మీ దగ్గరనే కొన్నం."

"మంచిది కొన్నరక్కా."

"మంచిదైతే నేనెందుకు వస్త?"

అప్పుడు తలెత్తాడు. పేరు వీరేందర్ అని తర్వాత తెలిసింది. అప్పటికి వర్షకు కనిపించింది ముదురు నీలం చొక్కా, చిరాకు పడిన కళ్ళు, గదుమ మీద మూడు మొటిమలు. మొటిమలున్నవాళ్ళకు ఎదుటివాళ్ళ మొటిమలు ముందు కనిపిస్తాయి. అతని చూపు కూడా ఒక్క క్షణం ఆమె చెంప దగ్గర ఆగి, మర్యాదగా టవల్ మీదికి దిగింది.

"ఇది పక్కా రంగు. మా బాపు తన చేతులతోని అద్దిండు. పోదు."

"పోయింది కదా. కనవడుతలేదా?"

"పోదక్కా."

"పోయిందన్నా."

ఇలా నాలుగుసార్లు అయ్యాక అతను లేచి పక్కనున్న చాయ్ బండి దగ్గరికి వెళ్ళి, స్టీలు గ్లాసులో మసిలే నీళ్ళు పట్టుకొచ్చాడు. టవల్ రెండో కొసను అందులో ముంచి, పైకి తీసి పిండాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"చూడుండ్రి. చుక్క రంగన్న దిగిందా? ఈ నీళ్ళు తాగొచ్చు."

"అయితే తాగు."

చాయ్ తాగుతున్న నలుగురూ ఇటు తిరిగారు. వీరేందర్ గ్లాసు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"గంత పక్కా రంగైతే నీ కాలర్‌కు ఏమైందన్నా? గదిగూడ మీ బాపు అద్దిందేనా?"

అతని చెయ్యి టక్కున కాలర్ మీదికి వెళ్ళింది. నీలం కాలర్ మీద వెలిసిన ఇటుక రంగులో రెండు చుక్కలు. వాటిని అతను చూడకపోలేదు. చెమట అనుకున్నాడు. కానీ ఇప్పుడు ఆ చుక్కలను, టవల్ మీది మచ్చలను మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు.

"రెండు రోజులు ఈ టవల్ నా దగ్గర ఉండనియ్యుండ్రి. సంగతేందో తేలుస్త."

"తేల్చుడేంది? కొత్తది ఇయ్యి, అయిపాయె."

"కొత్తదిస్తే మా బాపు రంగు పోయిందని నేను ఒప్పుకున్నట్టే. ఇయ్య."

నర్మెట్ట బస్సు హారన్ కొట్టింది. వర్ష టవల్ అతని చేతుల్లోకి విసిరి పరుగెత్తింది. కిటికీ పక్కన కూర్చున్నాక గానీ ఆమెకు నవ్వు రాలేదు. వచ్చాక మాత్రం చెరువుకట్ట దాటేదాకా ఆగలేదు. గ్లాసు వైపు అతను చూసిన చూపు అలాంటిది.

*

తిరుమల మాత్రం రెండు రోజులు ఆగలేదు. ఆ సాయంత్రమే గోడ మీదుగా ఎల్లక్కకు చెప్పింది.

ఎల్లక్క ఆ వీధి మహిళా సంఘానికి లీడర్. పెళ్ళైన కూతురిని పుట్టింటికి పిలిచి వచ్చే నెల ఆమెకు ఒడిబియ్యం పోయాలి. వచ్చిన చుట్టాల్లో ఆడవాళ్ళకు రవికె బట్ట, మగవాళ్ళకు టవల్ పెట్టాలి కదా. అరవై మెరూన్ టవళ్ళు అదే దుకాణంలో చెప్పి ఉంచింది.

"నా అల్లుని ముంగట రంగు పోయే టవల్ పెడుదునా?" అని ఎల్లక్క అప్పటికప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పేసింది. తెల్లారేసరికి సంఘంలోని ఆడవాళ్ళందరికీ ఆ దుకాణం సంగతి తెలిసిపోయింది.

బుధవారం నర్మెట్ట వైపు వాన దంచికొట్టింది. పోస్టాఫీసు అంటే ఒక గది, ఒక బల్ల, ఒక త్రాసు, ఒక వర్ష. పింఛను రోజు కాదు, వాన రోజు. ఎవరూ రారనుకుని ఆమె అద్దంలో గదుమ చూసుకుంటుంటే తలుపు దగ్గర ఒక బైకు ఆగింది.

బస్సు కండక్టరును అడిగి ఈ ఊరు పట్టుకున్న వీరేందర్ నిలువునా తడిశాడు. చొక్కా లోపల దాచుకున్న ప్లాస్టిక్ కవరు మాత్రం పొడిగా ఉంది.

"కూసోండ్రి," అంది వర్ష. అద్దం సొరుగులోకి వెళ్ళిపోయింది.

"ఎల్లక్క టవళ్ళు వద్దన్నది."

"ఎర్కనే."

"మా బాపు రంగుల డేక్షా బోర్లేసిండు."

చెప్పిన తీరు మామూలుగానే ఉంది. కానీ అతను కూర్చోలేదు.

"ముప్పై ఏండ్ల సంది రంగులే అద్దుతున్నడు. కొడకండ్ల మగ్గాలోళ్ళు ఇప్పటికీ బాపు పేరు పెట్టి ఎల్లేశ్ రంగు అనే అంటరు. అసోంటి మనిషి, 'నా చెయ్యి పోయిందిరా, కొలత తప్పుతున్నట్టున్న, ఇగ నాతోని కాదు' అని మూలకు కూసున్నడు. మా ఇంట్ల నా దిండుకు కూడా గిట్లాంటి మచ్చలే అయినయ్. అవి సుత చూసిండు. దాంతోని నమ్మిండు."

వర్షకు గ్లాసు మీది నవ్వు పూర్తిగా పోయింది.

అతను కవరులోంచి టవల్ తీసి బల్ల మీద పరిచాడు. "నిన్నంత దీన్నే చూసిన. రంగు పోతే మొత్తం పోవాలె, లేకుంటే అంచుల కాడ పోవాలె. ఇది ఒక్కతాన పోయింది. గిది చూడుండ్రి. ఇటొక మచ్చ, అటొక మచ్చ, కింద నడుమల చిన్నది. రెండు చెంపలు, ఒక గదుమ."

వర్ష చెయ్యి తన గదుమ మీదికి వెళ్ళింది.

"నా ముఖం పటం గీసుకొచ్చినవా?" వర్ష టవల్‌ను అవతలికి నెట్టింది. "గింత వానల, గిది చెప్పనీకి వచ్చినవా?"

"ఆగుండ్రి, జర ఆగుండ్రి." అతను హడావిడిగా ప్యాంటు జేబులో వెతికి ఒక ట్యూబు తీసి టవల్ మధ్యలో పెట్టాడు. "నాది."

వర్ష ఆ ట్యూబును చూసింది. తర్వాత సంచి దగ్గరికి లాక్కుని, ముద్రల డబ్బా ఎత్తి, దాని కింద నుంచి తన ట్యూబు తీసి పక్కనే పెట్టింది. రెండూ ఒకటే. అతనిది మాత్రం కింది నుంచి నీటుగా చుట్టుకుంటూ వచ్చింది. ఆమెది నడుమ నొక్కేసి ఉంది.

"డబ్బాల మడతపెట్టిన కాగితం ఉంటది కదా. చీమలసోంటి అక్షరాలు. ఫోన్ల ఫోటో తీసి పెద్దగ చేసి చదివిన. బట్టలకు అంటితే రంగు పోతదట. వెంట్రుకలకు అంటినా అంతేనట. ముఖం కడిగి తుడుసుకున్నా సరే, జరంత మిగిలితే చాలు."

ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. ఇద్దరూ బల్ల పట్టుకుని నవ్వారు.

"ఎంత పెడుతున్నరు?" అన్నాడు, ఆమె చెంపల మీది పొట్టు చూసి.

"ముఖమంత."

"బఠాణీ గింజంత తీసి సన్నగ పూయాలె కదా? మీరు గోడకు సున్నమేసినట్టు ఏస్తున్నట్టున్నరు. రెండు రోజులు ఆపుండ్రి. మళ్ళ రోజు విడిచి రోజు పెట్టుండ్రి. పైకెళ్ళి మామూలు క్రీము రాయుండ్రి. నాకూ డాక్టర్ గదే చెప్పిండు, మొదట్ల నేనూ కాల్చుకున్న."

"జల్ది తగ్గాలని..."

"దీనికి జల్ది లేదు. ఆరు వారాలు, ఎనిమిది వారాలు పడతది. అంత జల్ది ఎందుకు?"

ఆమె చెప్పింది. భూపాలపల్లి, ఫోటో, ముఖం తేటపడే వరకు ఆగుతామన్న మాట. అతను అంతా విని, తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు.

"మరి వాళ్ళ పిలగాడు ఎట్లుంటడు?"

"ఫోటో పంపలే."

"అంటే మొటిమలే."

వర్ష నవ్వు ఆపుకుంది. తర్వాత ఇద్దరి మధ్యా అసలు సంగతి మిగిలింది. బల్ల మీద రెండు ట్యూబుల పక్కనే ఉంది అది.

"మీ పేరు నేను చెప్ప," అన్నాడు వీరేందర్. "నా దిండు చూపెడత, నా మందు అని చెప్త. మా బాపును సముదాయిస్త."

"మా ఇంట్ల టవల్‌కు నీ మందు ఎట్ల అంటిందని అడుగుతది ఎల్లక్క. అప్పుడు?"

నిజం చెప్పమని అతను ఆమెను అడగలేదు. టవల్ మడిచి ఆమె ముందుంచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఒక్క ముచ్చట. మొన్న అన్నా అన్నరు. ఇయ్యాల ఒక్కసారి గూడ అనలే."

"నువ్వు ఇయ్యాల అక్కా అన్నవా?"

బయట వాన ఇంకా గట్టిగానే ఉంది. అతను ఆ వానలోకి, ఎండలోకి వెళ్తున్నవాడిలా వెళ్ళిపోయాడు.

*

శనివారం సంఘం మీటింగు. ఎల్లక్క అరుగు మీద పదిహేను మంది కూర్చున్నారు. తిరుమల ఉంది. చాయ్ ఇస్తారని పెంటమ్మ కూడా వచ్చింది.

పొదుపు సంతకాలు అయ్యాక వర్ష అరుగెక్కింది. చేతిలో రెండు మెరూన్ గుడ్డముక్కలు. రెండూ ఎల్లేశ్ అద్దిన ఒకే బట్టలోంచి కోసినవి. ఒకటి మచ్చ లేకుండా ఉంది. రెండోదాని నడుమ గుండ్రటి నారింజ మచ్చ.

"ఎల్లక్కా, జర ఇనుండ్రి. దీనికి గురువారం నా మొటిమల మందు పూసి, నిన్న ఉతికిన. దీనికి పూయలే, గిది కూడ దాంతోనే ఉతికిన. దుకాణపోళ్ళ తప్పు లేదు. మా ఇంట్ల టవల్ రంగు తీసింది నా ముఖం."

వర్షకు చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగిన ముఖాన్ని పదిహేను మంది ముందు తానే చూపించి నిలబడింది.

ఎల్లక్క రెండు ముక్కలూ లాక్కుని వెలుతురులో పట్టుకుంది. "గింతేనా? నా బిడ్డ గూడ మొటిమల మందు పెడతది, దాని దుప్పట్లు గిట్లనే అయినయ్! వాషింగ్ మిషన్ పాడైందని మా అల్లుడు కొత్తది కొనిచ్చిండు!"

అరుగంతా ఘొల్లుమంది. పెంటమ్మ నవ్వలేదు. కర్ర పట్టుకుని లేచి వచ్చి, మనవరాలి గదుమ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మందు పెడుతున్నవా? నాకు చెప్పకుంట?"

"చెప్తే పెట్టనియ్యవు కదా నానమ్మా."

"వాచిందా?"

"లేదు. డాక్టరమ్మ చూసి రాసింది. నేనే ఎక్కువ పెట్టిన, అందుకే పొట్టు లేసింది."

పెంటమ్మ గదుమ వదిలింది. "ముందుగాల చెప్తే ఆ దుకాణపోన్ని అన్ని మాటలు అనకపోదును. ఓ తిరుమలా, వాళ్ళను మనింటికి బువ్వకు పిలువు."

తిరుమల అప్పటికే అదే అనుకుంటోంది. క్షమాపణ చెప్పడం ఆమెకు రాదు. వండిపెట్టడం వచ్చు.

ఎల్లక్క మాత్రం ఫోన్‌తో ఊరుకోలేదు. స్వయంగా వెళ్ళి ఎల్లేశ్ ముందు నిలబడి, "అన్నా, తప్పు నాదే, డేక్షా పొయ్యి మీద పెట్టు," అని చెప్పి వచ్చింది. అరవై కాదు, డెబ్బై చెప్పింది.

*

ఒడిబియ్యం హడావిడి అయ్యేసరికి రెండు నెలలు గడిచాయి. ఈ రెండు నెలల్లో వర్ష ఫోన్‌కు రోజూ ఒక మెసేజ్ వచ్చేది. "ఇయ్యాల ఎంత?" ఆమె "బఠాణీ" అని పెట్టేది. ఒకరోజు "కందిగింజ" అని పెడితే అటు నుంచి నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి. తర్వాత తర్వాత మందు ముచ్చట తగ్గింది, మెసేజ్‌లు తగ్గలేదు. చెంపలు నెమ్మదిగా చదునయ్యాయి. గదుమ మీద మాత్రం ఇంకా రెండు మిగిలాయి.

ఆదివారం మధ్యాహ్నం తండ్రీకొడుకులు భోజనానికి వచ్చారు. ఎల్లేశ్ గోళ్ళ చుట్టూ ఎరుపు ఉంది. అది చూసి వర్షకు ప్రాణం కుదుటపడింది.

పెరట్లో చేతులు కడుక్కున్న వీరేందర్‌కు ఆమె టవల్ అందించింది. తెల్లటిది.

"మా దుకాణంల తెల్లయి లేవు కదా. యాడ కొన్నవ్?"

"వేరే దుకాణంల."

"ఎంత ద్రోహం!"

"మరి మీరు తెప్పియ్యుండ్రి."

"ఎన్ని తెప్పియ్యాలె?"

వర్ష కుళాయి కట్టేసింది. కట్టేసిన కుళాయిని మళ్ళీ ఒకసారి బిగించింది. "ఇద్దరికి సరిపోయేటన్ని."

వీరేందర్ తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

లోపల చాప మీద అందరూ కూర్చున్నారు. తిరుమల మటన్ వడ్డించింది, చారు గిన్నె తెచ్చింది. సరిగ్గా అప్పుడే సోమనర్సయ్య ఫోన్ మోగింది. రెండు ముక్కలు విని, చేత్తో ఫోన్ మూసి, కూతురి వైపు చూశాడు.

"భూపాలపల్లోళ్ళు. ముఖం తేటగైందా, రమ్మంటరా అని అడుగుతున్నరు."

అన్నం కలిపే చేతులన్నీ ఆగాయి.

"లేదని చెప్పు బాపు," అంది వర్ష.

"మంచిగనే అయింది కదనే?"

"మళ్ళ వస్తయ్ బాపు. మొటిమలంటే వస్తయ్, పోతయ్. వచ్చినప్పుడు ఆగేటోళ్ళు, పోయినంక వచ్చేటోళ్ళు నాకు వద్దు. నా ముఖం పొట్టు లేసినప్పుడు వానల తడుసుకుంట వచ్చినోళ్ళు ఉన్నరు."

ఇంత మాట అనేసి ఆమె చారు గిన్నె ఎత్తుకుని అవసరం లేకపోయినా శ్రీపాల్ కంచంలో పోసింది. శ్రీపాల్ తన కంచం వైపు కాకుండా వీరేందర్ వైపు చూస్తున్నాడు. కాసేపటికి అందరూ అటే చూశారు.

ఎల్లేశ్ గొంతు సవరించుకున్నాడు. "మావోనికి నిన్ననే గదుమ మీద కొత్తది లేసింది. మీకు ముందే చెప్తున్న. తర్వాత అనొద్దు."

"బాపూ!" అన్నాడు వీరేందర్, చెవుల దాకా ఎర్రబడి.

"మీది కొడకండ్లేనాయె?" అంది పెంటమ్మ. "మా అవ్వగారి ఊరోళ్ళు. మీ ఇంటిపేరు, గోత్రం నేను దుకాణంల ముందుగాలనే అడిగి తెలుసుకున్న."

సోమనర్సయ్య ఎవరి ముఖమూ చూడకుండా ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. "ఆ, అన్నా. లేదన్నా, తేటగ కాలే. మా పిల్లకు గిట్లనే మంచిగుందట. ఉంట మరి." ఫోన్ పక్కన పెట్టి, మటన్ గిన్నె ఎల్లేశ్ వైపు జరిపాడు. "తినుండ్రి బావా."

బావా అన్నాక ఇక చెప్పడానికి మిగిలిందేమీ లేదు. కానీ తిరుమలకు ఏ సంగతైనా లెక్కప్రకారం తేల్చి చెప్పకపోతే తోచదు. గరిటె పట్టుకుని నిలబడి ప్రకటించింది.

"మంచిరోజు మా అత్తమ్మ చూస్తది. లగ్గానికి పెట్టే టవళ్ళు మాత్రం మీ దుకాణంలయే. అన్నీ తెల్లయి. పిల్లకు పిలగానికి ఇద్దరికీ అదే మందాయె. ఇంకోసారి నేను దండెం కాడ లొల్లి చెయ్య."

ఎల్లేశ్ ముద్ద మధ్యలో ఆపేశాడు. "ముప్పై ఏండ్లు రంగులద్దిన. నా కొడుకు లగ్గానికి తెల్లయి పంచాల్నా, చెల్లె?"

వర్ష మెల్లగా అంది.

"అంచు మెరూన్ పెట్టుండ్రి మామా. ముఖం తుడుసుకునేది నడుమలనే కదా."

ఎల్లేశ్ ఆమె వైపు, తర్వాత తన ఎర్రటి గోళ్ళ వైపు చూసుకున్నాడు. మామా అన్న పిలుపు దగ్గరే ఆగిపోయినట్టున్నాడు. తర్వాత కంచం ముందుకు జరిపి, "జానెడు అంచు," అన్నాడు.

"బెత్తెడు," అంది తిరుమల.

చివరికి ఆరు వేళ్ళ వెడల్పు దగ్గర ఇద్దరూ ఒప్పుకున్నారు.